పాలపళ్ల మీద మోపిన నేరాలు

పాపాయి ప్రశ్నలు: విశాఖపట్నం నుంచి ఒక పిల్లల డాక్టరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పళ్ల గోలే. ఇంకా బయటికైనా రాని చిన్న పన్ను ఎన్ని నేరాలు చేసిందో చదువుతుంటే దాని మీద నాకే జాలేసింది. జ్వరం దానివల్లే, మోషన్లు దానివల్లే, జలుబు, చెవి లాక్కోవడం, అర్ధరాత్రి లేచి ఏడవడం, అన్నీ దానివల్లే. అక్కయ్యపాలెం నుంచి ఒకావిడ ‘పాపకి పళ్లొస్తున్న దగ్గర్నుంచి మావారికి చిరాకెక్కువైంది’ అని రాసింది. ఆ కేసు నా పరిధిలోది కాదు. మిగతావి చూద్దాం.

ప్రశ్న: డాక్టరమ్మగారూ, మా బాబుకి ఏడో నెల నడుస్తోంది. మూడు రోజులుగా ఒళ్లు కాలిపోతోంది. రోజుకి ఏడెనిమిది సార్లు నీళ్లలా వెళ్తున్నాడు. కింద చిగురు తెల్లగా ఉబ్బింది. మా అత్తగారు, పక్కింటి మామ్మగారు, మందుల షాపు అబ్బాయి, ముగ్గురూ ఇవి పళ్ల విరేచనాలే, పన్ను బయటికి రాగానే తగ్గిపోతాయంటున్నారు. మేమూ ధైర్యంగానే ఉన్నాం. కాకపోతే రాత్రి నుంచి పాలు సరిగా తాగట్లేదు. ఇంకా ఆగమంటారా?
– ఓ తల్లి, గాజువాక

జవాబు: ఆగొద్దనే చెప్పాను కదమ్మా. మీ ఉత్తరం వాట్సాప్‌లో చూసిన పూటే ఫోన్ చేశాను, ఆ సాయంత్రమే మీరు బాబుని చూపించారు, వాడు తేరుకున్నాడు. ఇక్కడ రాసేదంతా మీలాగే ‘ధైర్యంగానే’ ఉన్న మిగతా తల్లుల కోసం. నన్ను భయపెట్టేది ఆ ధైర్యమే.

పళ్లొచ్చేటప్పుడు నిజంగా ఏమవుతుందంటే, చొంగ కారుతుంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకుని కొరుకుతారు. చిగుళ్లు రుద్దుకుంటారు. చిరచిరలాడతారు. గట్టి తిండి పెడితే మొహం తిప్పుకుంటారు. ఒళ్లు ఒక పిసరు వెచ్చబడొచ్చు. పన్ను చేసే అల్లరి అంతవరకే. థర్మామీటర్ 100.4 డిగ్రీలు దాటిందంటే దానికి కారణం వేరే వెతకాలి. నీళ్ల విరేచనాలకీ, వాంతులకీ, దగ్గుకీ అంతే. 2000లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ డాక్టర్లు ఈ సంగతి తేల్చుకోవాలని 125 మంది పసిపిల్లల తల్లిదండ్రుల చేత రోజుకి రెండుసార్లు టెంపరేచర్ చూయించి, ప్రతి లక్షణమూ, వచ్చిన ప్రతి పన్నూ రాయించారు. పన్ను కనబడడానికి ముందు నాలుగు రోజులు, కనబడిన రోజు, ఆ తర్వాత మూడు రోజులు, ఈ ఎనిమిది రోజుల్లోనే పిల్లల్లో కాస్త తేడా కనిపించింది. అదీ నేను పైన చెప్పినలాంటి చిన్నచిన్న తేడాలే. పెద్ద జ్వరం లేదు, విరేచనాలు లేవు. కాబట్టి ‘నెల్రోజుల నుంచీ పళ్లేనండీ’ అంటే నేను ఒప్పుకోను.

మరి తరతరాల అమ్మమ్మలు చూసింది అబద్ధమా? కాదు. వాళ్లు చూసింది నిజమే, వేసిన లంకె తప్పు. ఆరో నెల దాటేసరికి కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన రక్షణ తరిగిపోతుంది. సరిగ్గా అప్పుడే బిడ్డ పాకడం మొదలెట్టి, గుమ్మం దగ్గరి పట్టా మొదలుకుని నాన్న చెప్పు దాకా అన్నిటినీ రుచి చూస్తాడు. అప్పుడే ఉగ్గు మొదలవుతుంది, గిన్నెలూ చెంచాలూ సీసాలూ వస్తాయి. పన్నూ అప్పుడే వస్తుంది. కాంప్లెక్స్‌లో ఒకే బస్సు దిగినంత మాత్రాన అందరూ ఒకే ఇంటివాళ్లైపోతారా?

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలి. 1988లో మా అమ్మాయికి ఎనిమిదో నెల. నేనప్పటికే పిల్లల డాక్టర్ని. మూడు రోజులు జ్వరం. దగ్గు లేదు, జలుబు లేదు, విరేచనాలు లేవు. పై చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది. మా అత్తగారు ‘పళ్లేనమ్మా’ అన్నారు. నాక్కూడా అదే హాయిగా అనిపించింది. ఓపీలో వందమంది పిల్లల్ని చూసొచ్చి, సొంత బిడ్డ దగ్గర కొంగు దులుపుకుని కూర్చున్నాను. నాలుగో రోజు మా పెద్ద డాక్టరుగారు దారిలో ఎదురై ‘పాపెలా ఉంది?’ అన్నారు. చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు: ‘యూరిన్ చూశావా?’ చూడలేదు. చూస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్. పసిపిల్లల్లో దానికి చాలాసార్లు జ్వరం తప్ప వేరే గుర్తుండదు, వదిలేస్తే మూత్రపిండాల మీద మచ్చలు పడతాయి. ఇదే పాఠం రెండు నెలల ముందు మెడికల్ స్టూడెంట్లకి నేనే చెప్పాను! మా అమ్మాయికి ఏమీ కాలేదు, ఇప్పుడు దానికే ఇద్దరు పిల్లలు. కానీ ఆ తర్వాత చెవులు చూడకుండా, మూత్రం సంగతి తేల్చకుండా ఏ కేసు షీటు మీదా ‘పళ్లు’ అని రాయలేదు నేను.

మీరు చెయ్యాల్సింది ఇది. ‘ఒళ్లు కాలిపోతోంది’ కాదు, అంకె కావాలి నాకు. డిజిటల్ థర్మామీటర్ చంకలో పెట్టి, బీప్ వచ్చాక చూడండి. విరేచనాలు మొదలైన పూటే ఓఆర్‌ఎస్ మొదలెట్టాలి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. కాస్త పొడి, కాసిని నీళ్లు అని చిటికెలు కొలవొద్దు, ఉప్పు పాళ్లు తప్పుతాయి. ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయండి. నీళ్లలా వెళ్లిన ప్రతిసారీ పావుగ్లాసు నుంచి అరగ్లాసు దాకా చెంచాతో పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ మెల్లగా. తల్లిపాలు ఆపొద్దు, ఉగ్గూ ఆపొద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకి జింక్ 20 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి, చెంచాడు పాలల్లో కరిగించి, పద్నాలుగు రోజులు. మోషన్లు మూడో రోజుకే ఆగినా పద్నాలుగు రోజులూ వెయ్యాలి. ఓఆర్‌ఎస్, జింక్ రెండూ ఆశా కార్యకర్తను అడిగితే ఊరికే ఇస్తారు. షాపులో అట్టడబ్బాల్లో అమ్మే తియ్యటి రసాలు ఓఆర్‌ఎస్ కావు. అలాంటి వాటి మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశమిచ్చింది. దానికోసం హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. అందుకని ప్యాకెట్ తిరగేసి డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చదవండి.

బిడ్డ తాగకపోతే, తాగిందంతా కక్కేస్తే, లేపినా మత్తుగా ఉంటే, ఫిట్స్ వస్తే, విరేచనంలో రక్తం కనబడితే, ఆరేడు గంటలుగా మూత్రం పొయ్యకపోతే, నిమిషానికి యాభైసార్లకి తగ్గకుండా ఊపిరి పీలుస్తుంటే రాత్రా పగలా అని చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. వానాకాలంలో ఇంకో మాట కూడా. మన నగరంలో డెంగ్యూ ఉంది, పైన పాడేరు, అరకు వైపు మలేరియా ఉంది. చిగురు చూసి జ్వరానికి పేరు పెట్టేస్తే రక్తపరీక్ష ఎవరు చేయిస్తారు?

ప్రశ్న: మేడమ్, పాపకి తొమ్మిది నెలలు. రాత్రుళ్లు ఒకటే ఏడుపు. ఫ్రెండ్ చెప్పాడని చిగుళ్లకి రాసే జెల్ ఒకటి కొన్నాను, ఆన్‌లైన్‌లో పళ్లకని తియ్యటి తెల్లమాత్రలు కూడా తెప్పించాను. రెండూ వాడొచ్చా? పారాసిటమాల్ ఎంత వెయ్యాలి?
– ఓ తండ్రి, మధురవాడ

జవాబు: ముందు ఆ జెల్ ట్యూబు మీద చిన్న అక్షరాలు చదువు బాబూ. మూడు పేర్లలో ఏదో ఒకటి దొరుకుతుంది. బెంజోకైన్ అయితే, అది పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తిని పోగొట్టి బిడ్డని నీలంగా మార్చెయ్యగలదు. అరుదే, కానీ ప్రాణాంతకం. అందుకే అమెరికా ఔషధ సంస్థ 2018లో రెండేళ్ల లోపు పిల్లలకి అది వద్దంది. లిగ్నోకైన్ అయితే, చొంగతో పాటు గొంతులోకి జారి ఎక్కువైతే ఫిట్స్ తెప్పిస్తుంది, గుండె మీద పడుతుంది. కోలిన్ శాలిసిలేట్ అయితే, అది ఆస్పిరిన్ బంధువు. బ్రిటన్‌లో 2009 నుంచి పదహారేళ్ల లోపువాళ్లకి అలాంటి జెల్ వద్దంటున్నారు. ఇంతా చేసి, నువ్వు రాసింది రెండు నిమిషాల్లో చొంగతో కారిపోతుంది.

తెల్లమాత్రల విషయం. అమెరికాలో ఇలాంటి హోమియో పళ్లమాత్రలు పరీక్షిస్తే కొన్నింటిలో బెల్లడోనా, అంటే విషపు మొక్క సారం, ఒక మాత్రలో ఒకలా ఇంకో మాత్రలో ఇంకోలా ఉన్నట్టు 2017లో తేలింది. నువ్వు తెప్పించిన వాటిలో ఏముందో నాకెలా తెలుస్తుంది? చెత్తబుట్టలో వెయ్యి, పాప చేతికందకుండా.

పళ్లమందులకి ఓ పాత చరిత్ర కూడా ఉంది. ఇంగ్లండులో ఒకప్పుడు పళ్లొచ్చే పిల్లలకి పాదరసం కలిసిన పొడి ఇచ్చేవాళ్లు. చేతులూ కాళ్లూ గులాబీరంగుకి తిరిగి, ఒళ్లంతా నొప్పులతో, వెలుతురు చూడలేక పిల్లలు విలవిల్లాడేవాళ్లు. ‘పింక్ డిసీజ్’ అని పేరు పెట్టి కారణం కోసం ఏళ్ల తరబడి వెతికారు. కారణం డబ్బాలోనే ఉంది. 1950లలో ఆ పొడులు దుకాణాల్లోంచి తీసేశాక జబ్బు దాదాపు మాయమైంది.

పన్ను చిగురుని కోసుకుని వస్తుందని అందరూ అనుకుంటారు. అలా రాదు. పైనున్న ఎముకా చిగురూ మెల్లగా కరిగి దానికి దారిస్తాయి. మందు తొందరపెట్టేదేమీ లేదక్కడ. పాపకి కావలసింది చల్లదనం, కొరకడానికి ఏదో ఒకటి, ఎత్తుకోవడానికి ఒక భుజం. స్టీలు చెంచాని ఫ్రిజ్‌లో పెట్టి, ఫ్రీజర్‌లో కాదు, కింది అరలో, దాని వెనకభాగం చిగురుకి ఆనించు. చేతులు సబ్బుతో కడుక్కుని వేలితో చిగురు నొక్కి రుద్దు. కాచి ఆరేసిన మెత్తటి గుడ్డ తడిపి చల్లబరిచి చేతికియ్యి. ఎండాకాలమైతే తాటిముంజ తొక్క తీసి, చిదిమి, చెంచాతో పెట్టొచ్చు. ముక్కగా మాత్రం చేతికివ్వొద్దు, జారి గొంతుకడ్డం పడుతుంది.

పారాసిటమాల్ లెక్క బరువుని బట్టి, మీ డాక్టరు పాపని తూచి చెప్పినదే. సాధారణంగా కేజీకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంలో. ప్రమాదం సీసాల దగ్గరుంది. చుక్కలమందు ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములుంటే, సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకి 120 గానీ 250 గానీ ఉంటుంది. ఎనిమిది కేజీల పాపకి ‘ఐదు ఎంఎల్’ అని సిరప్ కోసం చెప్పిన మాట చుక్కలమందు సీసాకి అతికిస్తే, ఇవ్వాల్సిన దానికి నాలుగు రెట్లు లోపలికెళ్తుంది. మా క్లినిక్కుకి అలా వచ్చినవాళ్లున్నారు, చదువుకున్నవాళ్లే. అయినా మందుతో పాపని రోజూ పడుకోబెట్టాల్సి వస్తోందంటే అది పన్ను కాదు, చూపించాలి. తొమ్మిదో నెలలో రాత్రి ఏడుపుకి అమ్మ కనబడలేదన్న బెంగ కూడా చాలుతుంది.

ప్రశ్న: పాప పై చిగురు మీద ద్రాక్షపండులా నీలంగా బుడగ లేచింది. సూదితో పొడిపిద్దామా?
– సీతమ్మధార

జవాబు: వద్దు. పన్ను పైకొచ్చేముందు దానిచుట్టూ కాస్త నీరూ రక్తమూ చేరి అలా ఉబ్బుతుంది. పన్ను రాగానే దానంతటదే చితికిపోతుంది. జ్వరం, చీము, బాగా నొప్పి ఉంటేనే దంతవైద్యులకి చూపించండి.

ప్రశ్న: మా మనవరాలికి పదకొండు నెలలు నిండాయి. ఒక్క పన్నూ లేదు. ఎదురింటి పిల్లకి ఏడో నెలకే రెండు. రాగిజావ రోజుకి మూడుసార్లు పడుతున్నాం, కాల్షియం టానిక్ కూడా వేస్తున్నాం. లోపం ఎక్కడుందంటారు?
– గోపాలపట్నం

జవాబు: లోపం ఎదురింటి పిల్లని చూడడంలో ఉందండీ. చాలామందికి ఆరో నెల, పదో నెల మధ్య కింది ముందుపళ్లు రెండు వస్తాయి. నాలుగో నెలకే వచ్చేవాళ్లున్నారు, ఏడాది దాటాక వచ్చేవాళ్లూ ఉన్నారు. మీ అబ్బాయికో కోడలికో ఎప్పుడొచ్చాయో గుర్తు చేసుకోండి. ఇది ఎక్కువగా ఇంటి వరసే.

పాలపళ్లు గట్టిపడడం మొదలయ్యేది తల్లి కడుపులో నాలుగో నెలలోనే. ఇప్పుడు పోసే టానిక్ పన్నుని పైకి నెట్టదు. రాగులు మంచివే, వంద గ్రాములకి మూడొందల యాభై మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, కానీ రోజుకి మూడుపూటలా అదే పోస్తే పప్పన్నం, గుడ్డు, కూర ఎక్కడ తింటుంది? ఒకపూట చాలు. టానిక్ మాని, డాక్టరు చెబితే విటమిన్ డి చుక్కలు వెయ్యండి, మొదటి ఏడాది రోజుకి 400 యూనిట్లు. అపార్ట్‌మెంటు పిల్లలకి ఎండ తక్కువ, సముద్రం పక్కనున్నా సరే. పదిహేను నెలలకీ ఒక్కటీ రాకపోతే చూపించండి. దాంతో పాటు ఎత్తు పెరగకపోవడం, మలబద్ధకం, మందకొడితనం ఉంటే అంత ఆగకుండా థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

ప్రశ్న: డాక్టరమ్మగారూ, నేను పోర్టులో పనిచేస్తాను. మా చెల్లి బాబుకి ముందు పైపళ్లు రెండు వచ్చాయి. మేనమామకి గండమట. టెక్కలి నుంచి మా అమ్మ రోజూ ఫోన్ చేస్తోంది. ఇత్తడి గిన్నెలో నూనె పోసి అందులో మా గుంటడి మొహం నేను చూడాలంట, అప్పటిదాకా బండి కూడా నడపొద్దంటోంది. నాకు నమ్మకం లేదు, కానీ కాస్త బెరుకుగా ఉంది.
– ఓ మేనమామ, మల్కాపురం

జవాబు: నాయనా, ఈ గండం నిజమైతే మన జిల్లాలో మేనమామలు మిగిలేవాళ్లు కాదు. కింది ముందుపళ్లు ముందొచ్చి, ఓ నెలా రెండు నెలలకి పైవి రావడం మామూలు వరస. వరస తప్పడం కూడా మామూలే. ఏ పన్ను ముందు చిగురు దాటుతుందన్నది దానికి దారి ఎప్పుడు దొరికిందన్న దాని మీదే ఉంటుంది. మేనమామ జాతకం దానికి తెలియదు.

మీ అమ్మగారి ఫోన్లు ఆగాలంటే మాత్రం ఒక ఉపాయం చెప్తాను. సెలవు పెట్టి టెక్కలి వెళ్లు. వెండి ఉగ్గుగిన్నె ఒకటి పట్టుకెళ్లు. నూనెలో చూస్తావో నేరుగా చూస్తావో నీ ఇష్టం, మేనల్లుణ్ని మాత్రం కరువుతీరా ఎత్తుకో. ఆ నూనెగిన్నె వాడి చేతికందే చోట పెట్టొద్దు. బండి మీద వెళ్తే హెల్మెట్ పెట్టుకో. గండం ఏదైనా ఉంటే హైవే మీదే ఉంది.

ఇక్కడే ఇంకో సంగతి. పుట్టుకతోనే పన్నుతో పుట్టే పిల్లలుంటారు, రెండు మూడు వేలమందిలో ఒకరు. దాన్నీ అపశకునం అంటారు. శకునం సంగతి పక్కనపెట్టి, అది కదులుతోందా, పాలు తాగేటప్పుడు నాలుక కింద పుండు చేస్తోందా అని చూపించండి. బాగా కదిలితే ఊడి ఊపిరిగొట్టంలో పడే భయముంది కాబట్టి తీసేస్తారు. గట్టిగా ఉంటే ఉంచేస్తారు, ఎందుకంటే చాలాసార్లు అది అసలు పాలపన్నే, కాస్త తొందరపడి వచ్చింది.

ప్రశ్న: మనవడు దొరికిందల్లా కొరుకుతున్నాడు. ప్లాస్టిక్ ఎందుకని ఏటికొప్పాక కొయ్య గిలక కొన్నాను. సహజ రంగులంటారు కదా, నోట్లో పెట్టనివ్వొచ్చా?
– ఓ తాతగారు, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ ప్రశ్న నాకు నచ్చింది, ఎందుకంటే మా ఇంట్లో షోకేసు నిండా అవే. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రని తరిణె మీద తిప్పి, లక్కలో గింజల రంగు, బెరడు రంగు, వేళ్ల రంగు కలిపి పూస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అసలైన పనివాళ్ల చేతి బొమ్మ అయితే భయం తక్కువే. చిక్కేమిటంటే, బీచ్ రోడ్డులో బండి మీద అదే ఆకారంలో రసాయన రంగు పూసినవీ దొరుకుతాయి, మెరుపు చూసి మీరూ నేనూ తేడా కనిపెట్టలేం. 2021 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసినా, నమోదైన హస్తకళాకారులకీ ఇలాంటి గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఉంది, కాబట్టి గుర్తు చూసి కూడా తేల్చలేం.

నేనైతే రంగు గిలకని వినడానికీ పట్టుకోవడానికీ ఇస్తాను, కొరకడానికి రంగెయ్యని నున్నటి కొయ్య రింగో, గట్టి రబ్బరు రింగో ఇస్తాను. లోపల నీళ్లున్న ప్లాస్టిక్ రింగులు నాకిష్టం లేదు, పన్ను దిగితే ఆ నీళ్లు నోట్లోకే. ఏదైనా సరే నాలుగు సెంటీమీటర్ల కన్నా చిన్న ముక్క ఊడి రాకూడదు. గిలక లోపలి గింజలు ఎంత గట్టిగా మూసున్నాయో లాగి చూడండి. మెడలో వేసే పూసల దండలు, అంబర్ అనో వసపూసలనో అమ్ముతున్నారే, అవి ఎవరు బహుమతిగా ఇచ్చినా తీసి దాచేయండి. నిద్రలో మెడకి బిగుసుకుంటాయి, తెగితే పూస గొంతులోకి పోతుంది.

ప్రశ్న: నేను టీచర్ని. వచ్చే నెల స్కూలుకి వెళ్లాలి. బాబు కింది పళ్లు రెండూ వచ్చాక పాలిచ్చేటప్పుడు కొరికేస్తున్నాడు. రక్తం కూడా వచ్చింది. సీసాపాలు అలవాటు చేసేయమంటున్నారు.
– పెందుర్తి

జవాబు: తల్లీ, కేక పెట్టి లాగేసుకుని ఉంటావు. అందరం అదే చేశాం. కానీ లాగితే ఇంకా చీరుకుంటుంది, కేకకి కొందరు పిల్లలు బెదిరి పాలే మానేస్తారు, కొందరికి అదో ఆటైపోతుంది.

పాలు నిజంగా తాగుతున్నంతసేపు వాడి నాలుక కింది పళ్ల మీద పరుచుకుని ఉంటుంది, కొరకడం కుదరదు. కొరికేది కడుపు నిండాక, ఊరికే నోట్లో పెట్టుకుని ఆడేటప్పుడు. గుటకలు ఆగాయి, దవడ బిగుస్తోంది అనిపించగానే పెదవి మూల నుంచి చిటికెన వేలు లోపలికి దూర్చి పట్టు విడిపించు. అప్పటికే కొరికేస్తే, వెనక్కి లాక్కుండా వాడి మొహాన్ని రొమ్ముకి కాస్త అదుముకో. ముక్కు మూసుకుపోతుందని వాడే నోరు తెరుస్తాడు, వెంటనే వదిలేయ్. ‘వద్దు’ అని మామూలు గొంతుతో అని, రెండు నిమిషాలు దింపి కూర్చోబెట్టు. పాలకి ముందు చల్లటి గుడ్డ కొరకనిస్తే చిగురు దురద తీరుతుంది. పుండు పడిన చోట పాలచుక్కే రాసి ఆరనివ్వు. వారం పది రోజుల్లో మానుకుంటారు చాలామంది.

స్కూలుకెళ్లాక పాలు పిండి, స్టీలు గిన్నెలో పెట్టి, ఉగ్గుగిన్నెతోనో చిన్న గ్లాసుతోనో పట్టించు. సీసా కడగడం ఎంత కష్టమో సగం మోషన్ కేసులు చెబుతాయి.

ప్రశ్న: అమ్మా, నేను ఏడుగుర్ని పెంచాను. చిగుళ్లకి అరకు తేనె రాశాను, వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాశాను, ఉప్పు, పసుపు, ఆముదం అన్నీ చేశాను. ఏడుగురూ లక్షణంగా ఉన్నారు. ఇప్పుడు నా మనవరాలు ఫోన్ చూసి ఏదీ చెయ్యనివ్వట్లేదు. మీ డాక్టర్లు మా చేతులు కట్టేశారు.
– అనకాపల్లి

జవాబు: అమ్మా, మీ కోపం నాకర్థమవుతుంది. మా అమ్మ కూడా ఇదే అనేది. ఏడుగుర్ని పెంచిన చేతులకి నేను కొత్తగా నేర్పేది తక్కువే. అందుకే ముఖ్యంగా రెండింటికి అడ్డం పడతాను.

తేనె ఏడాది లోపు వద్దు. అరకుదైనా, కళ్లముందు పిండిందైనా సరే. అందులో ఒక క్రిమి గింజలుంటాయి, పెద్దవాళ్ల పేగులో ఏమీ చెయ్యలేవు, పసిబిడ్డ పేగులో మొలిచి విషం తయారుచేస్తాయి. బిడ్డ మెడ వాలిపోతుంది, ఏడుపు సన్నబడిపోతుంది, పాలు పీల్చలేదు. నూరుమందికి రాసినా ఏమీ కాకపోవచ్చు. ఎవరికి అవుతుందో ముందు తెలియదు, అదే బాధ. రెండోది వస. మాటలు బాగా వస్తాయని రాస్తారు. అందులో ఉండే ఒక పదార్థం మంచిది కాదని అమెరికాలో 1968లోనే తిండిలో వాడకుండా నిషేధించారు. అరగదీసే రాయి శుభ్రమెంతో మీకు తెలియంది కాదు. మాటలు రావడానికి మీ కబుర్లే చాలు.

నూనె మర్దనా చెయ్యండి, లాల పొయ్యండి, జోలపాట పాడండి. శుభ్రంగా కడుక్కున్న మీ వేలితో చిగురు రుద్దడాన్ని మించిన మందు మా షాపుల్లో లేదు. ఆముదం మాత్రం నోట్లో వద్దు, విరేచనాలు అవుతాయి, మళ్లీ ఆ నింద పళ్ల మీదకే పోతుంది. బెల్లం కూడా వద్దు, అనకాపల్లి బెల్లం ఎంత గొప్పదైనా. మనవరాలికి ఈ పేజీ చూపించి, సగం మీ పక్షానే రాశానని చెప్పండి.

ప్రశ్న: చొంగకి గడ్డం, మెడ అంతా ఎర్రగా పొక్కింది. పౌడర్ వేస్తే ఇంకా ఎక్కువైంది.
– భీమిలి

జవాబు: పౌడర్ ఆపండి, ఉక్కకీ చొంగకీ కలిసి ముద్దయ్యేది అదే. తుడవకండి, మెత్తటి పాత నూలుగుడ్డతో అద్దండి. పడుకోబెట్టే ముందు వాజిలైన్ గానీ కొబ్బరినూనె గానీ పల్చగా రాస్తే చొంగ చర్మానికి తగలదు. మెడ మడతలో తెల్లటి పొర, దుర్వాసన ఉంటే ఫంగస్, దానికి వేరే మందుంది. తడిసిన బిబ్ గంటకోసారైనా మార్చండి. ఈ ఉక్కలో అది ఎండే లోపు ఇంకోటి తడుస్తుంది, కాబట్టి పది కొనుక్కోండి.

ప్రశ్న: మొదటి పన్ను వచ్చింది! బ్రష్ ఎప్పుడు మొదలెట్టాలి? ఎలాగూ ఊడిపోయే పళ్లే కదా అంటున్నారు మా ఇంట్లో.
– మర్రిపాలెం

జవాబు: ఇవాళ రాత్రి. పిల్లల మెత్తటి బ్రష్, దాని మీద బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్ట్. బఠాణీ అంత కాదు, అది మూడేళ్ల తర్వాత. పొద్దునొకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. ఆ తర్వాత నీళ్లు తప్ప ఏమీ సీసాతో నోట్లో ఉంచి పడుకోబెట్టొద్దు. పంచదార పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల పై ముందుపళ్లు రెండేళ్లకే గోధుమరంగు మొండాలైపోవడం వారంవారం చూస్తున్నాను. మొదటి పుట్టినరోజుకల్లా ఒకసారి దంతవైద్యులకి చూపించండి, నొప్పి లేకపోయినా. ఊడిపోయే పళ్లేనన్నారు కదా, వెనక దవడ పాలపళ్లు ఊడేది పది పన్నెండేళ్లకి. అప్పటిదాకా జంతికలు దేంతో నమలమంటారు?